నెమలి పిల్లకు వెచ్చదనం ఒక్కటే చాలదు

ప్రశ్న: మేం టెక్సాస్‌లో, హ్యూస్టన్‌కి గంట దూరంలో ఐదెకరాల స్థలంలో ఉంటున్నాం. పెరట్లో పన్నెండు కోళ్లున్నాయి. ఈ వేసవిలో ఆరు ఇండియా బ్లూ రకం నెమలి గుడ్లు కొని ఇంక్యుబేటర్‌లో పెట్టాను. 28వ రోజు నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. గరాజ్‌లో ఒక ప్లాస్టిక్ డబ్బాలో న్యూస్‌పేపర్ పరిచి, పైన 250 వాట్ల ఎర్ర బల్బు వేలాడదీశాను. కోడిపిల్లల స్టార్టర్ దాణా పెట్టాను. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ నూకలు కూడా వేసింది. మూడో రోజు ఒక పిల్ల చనిపోయింది. ఇంకో పిల్లకు కాళ్లు రెండూ చెరోపక్కకు జారిపోతున్నాయి, నిలబడలేకపోతోంది. మూడోది బాగానే ఉంది కానీ నాలుగోది రాత్రీ పగలూ అరుస్తూనే ఉంది. నాకు నిద్ర లేదు, చాలా టెన్షన్‌గా ఉంది. నేనేం తప్పు చేశాను? వేడి ఎంత ఉండాలి? కోళ్లతో కలిపి ఎప్పుడు వదలొచ్చు? పొదుగుడు కోడి కింద పెడితే అదే పెంచేస్తుందని అమ్మ అంటోంది, నిజమేనా?

సమాధానం: అమ్మా, ముందు ఈ ఉత్తరం చదవడం ఆపి రెండు పనులు చేసి రండి. డబ్బాలోని న్యూస్‌పేపర్ తీసేసి, వంటింటి అలమరల్లో పరిచే గరుకు రబ్బరు షీటుగానీ, పాత టర్కీ టవల్‌గానీ పరచండి. తర్వాత ఒక కోడిగుడ్డు గట్టిగా ఉడకబెట్టి, పచ్చసొన పొడిపొడిగా చిదిమి, మూడు పిల్లల ముందూ పెట్టండి. మిగతావి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

చనిపోయిన పిల్ల గురించి మీరు ఎక్కువ రాయలేదు. కానీ మూడో రోజు అని రాశారు, దాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. గుడ్డులోంచి బయటికొచ్చే పిల్ల కడుపులోకి పచ్చసొన మిగులు వెళ్లిపోతుంది. దాని మీద అది దాదాపు రెండు రోజులు ఏమీ తినకుండా బతికేస్తుంది. అందుకే మొదటి రెండు రోజులూ అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. ఆలోపు తినడం నేర్చుకోని పిల్ల, ముందు దాణా గిన్నె నిండా ఉన్నా, మూడో రోజుకో నాలుగో రోజుకో ఆకలితో పడిపోతుంది. మీ పిల్ల కూడా అలాగే పోయి ఉంటుందని నా అనుమానం. మీరు తిండి పెట్టకపోవడం వల్ల కాదు. అది తిండి అని దానికి ఎవరూ చెప్పకపోవడం వల్ల.

నెమలి పిల్ల కోడిపిల్ల కాదు. పైకి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి అందరం మొదట్లో ఇక్కడే పొరపడతాం. మీ అమ్మగారు చూసి ఉంటారు, తల్లికోడి కాళ్లతో నేల గీరి పిలుస్తుంది, పిల్లలు పరుగెత్తుకొచ్చి తమంతట తామే ఏరుకు తింటాయి. తల్లి లేకపోయినా కోడిపిల్ల కనబడిన ప్రతి చుక్కనీ పొడిచి చూస్తుంది. ఆడ నెమలి పద్ధతి వేరు. పురుగునో గింజనో తన ముక్కుతో పట్టుకుని పిల్ల ముందుకు చాపుతుంది. పిల్ల తల్లి ముక్కు నుంచి అందుకుంటుంది. కింద పడున్నది తిండి అని దానికి ఆలస్యంగా తెలుస్తుంది. మన బ్రూడర్, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచి పెంచే పెట్టె, తల్లి రెక్కల కింది వెచ్చదనాన్ని మాత్రమే ఇస్తుంది. తల్లి నోటికి అందించే పని, పక్కన తోడుండే పని, కొమ్మ మీద కూర్చోబెట్టే పని మనమే చేయాలి. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు ఇందులోనే ఉంది.

తినిపించడం ఇలా. మీ చూపుడు వేలి గోరు మీద కొంచెం పచ్చసొన పొడి అద్దుకుని, పిల్ల ముక్కుకు ఎదురుగా, దాని కళ్లకు కాస్త పైన పెట్టి మెల్లగా కదిలించండి. బ్రూడర్ అడుగున వేలితో తట్టి చూపించడం కోడిపిల్లలకు పనిచేస్తుంది, నెమలి పిల్ల మాత్రం పైకి చూస్తుంది, తల్లి ముక్కు ఉండే చోటికి. పక్షుల మేతకు అమ్మే మీల్‌వార్మ్ అనే పురుగును, కదిలే చిన్నదాన్ని, పట్టకారతో పట్టుకుని చూపిస్తే ఇంకా త్వరగా అందుకుంటాయి. పురుగు పెద్దదైతే ముక్కలు చేయండి. ఒకటి రెండు సార్లు అందుకున్నాక వేలిని మెల్లగా దాణా గిన్నెలోకి దించుతూ పోండి. గంటకోసారి, ఒక్కోసారి ఐదు నిమిషాలు చాలు. ఈ పని మీ అమ్మగారికి అప్పజెప్పండి. పిల్లలకు గోరుముద్దలు తినిపించిన చేతికి ఈ ఓపిక వేరే నేర్పనక్కర్లేదు. ఉడికిన గుడ్డు మాత్రం రెండు గంటలకు మించి గిన్నెలో ఉంచకండి, ఆ వేడికి పాడైపోతుంది.

నీళ్లకు లోతు లేని మూత చాలు. అందులో గులకరాళ్లు వేయండి, లేకపోతే మునిగి చనిపోతాయి. ఒక్కో పిల్ల ముక్కు కొసను ఒకసారి గోరువెచ్చటి నీళ్లలో ముంచి చూపించండి. ముక్కు రంధ్రాల దాకా ముంచకూడదు.

ఇక నూకలు. అమ్మగారిని తప్పు పట్టకండి. మన ఇళ్లల్లో కోడిపిల్లలకు మొదటి మేత నూకలే, తల్లి వెంట తిరుగుతూ చెదలూ పురుగులూ కూడా తింటాయి కాబట్టి అక్కడ సరిపోయేది. డబ్బాలో ఉన్న నెమలి పిల్లకు నూకలతో కడుపు నిండుతుంది, కండ పట్టదు. మీరు పెట్టిన కోడిపిల్లల స్టార్టర్‌లో మాంసకృత్తులు సాధారణంగా 18 నుంచి 20 శాతం ఉంటాయి. నెమలి పిల్లలకు 28 నుంచి 30 శాతం కావాలి. మీ దగ్గరి ఫీడ్ స్టోర్‌లో గేమ్ బర్డ్ స్టార్టర్ అనో, టర్కీ స్టార్టర్ అనో అడగండి. సంచి మీది శాతం చదివాకే కొనండి. రవ్వలా ఉండే రకం తీసుకోండి, గుళికలు వాటి గొంతు పట్టవు. కనీసం ఎనిమిది వారాలు ఇదే దాణా. ఆకుకూర సన్నగా తరిగి కొంచెం వేయొచ్చు, అప్పుడు చిటికెడు సన్న ఇసుక కూడా పెట్టాలి, అరగడానికి.

కాళ్లు జారుతున్న పిల్లకు ఈ రోజే కట్టు కట్టండి, రేపటికి వాయిదా వేయకండి. నున్నటి కాగితం మీద కాళ్లకు పట్టు దొరక్క, తొడల దగ్గర కీళ్లు పక్కకు తెరుచుకుపోతాయి. మొదటి వారంలో ఎముకలు ఇంకా లేతగా ఉంటాయి కాబట్టి త్వరగా సరిదిద్దవచ్చు. ఒక బ్యాండ్ ఎయిడ్‌ను నిలువుగా సగానికి కత్తిరించండి. మధ్యలో మెత్త ఉన్న భాగం రెండు కాళ్ల మధ్య వంతెనలా ఉండేలా, అంటుకునే కొసలను ఒక్కో కాలికి చుట్టి తిరిగి దాని మీదే అతికించండి. పిల్ల మామూలుగా నిలబడితే పాదాల మధ్య ఎంత దూరం ఉంటుందో అంతే ఉండాలి, సుమారు ఒక అంగుళం. బిగుతుగా చుడితే పాదం ఉబ్బుతుంది, అందుకే పూటకోసారి చూడండి. మొదటి రోజు పడుతూ లేస్తూ ఉంటుంది, చూడలేం. అయినా విప్పకండి. దాణా, నీళ్లు దాని ముక్కు దగ్గరికే తీసుకెళ్లండి. చాలా పిల్లలు మూడు నుంచి ఐదు రోజుల్లో సొంతంగా నిలబడతాయి.

కాలి వేళ్లు కూడా ఒకసారి చూడండి. లోపలికి ముడుచుకుని ఉంటే, పాదం ఆకారంలో చిన్న అట్టముక్క కత్తిరించి, వేళ్లు విప్పి దాని మీద టేపుతో అతికించాలి, బుల్లి చెప్పులా. రిబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, తక్కువైనా వేళ్లు ఇలా ముడుచుకుంటాయి. దాణాలో కొంచెం బ్రూవర్స్ ఈస్ట్ కలిపితే అది అందుతుంది.

అరుస్తున్న పిల్ల సంగతి. నెమలి పిల్ల అరుపు రెండు రకాలు. వేడి చాలక అరిస్తే బల్బు కిందే ముడుచుకుని అరుస్తుంది. తల్లి కోసం అరిస్తే డబ్బా అంతా తిరుగుతూ, గోడల వెంట పరుగెడుతూ, తల పైకెత్తి గట్టిగా అరుస్తుంది. మీరు మీ గొంతు వినిపించగానే ఆపితే అది రెండోదే. దానికి నేను చేసేది, శుభ్రమైన ఈకల దుమ్ము కుంచె ఒకటి కొని, వెచ్చగా ఉండే మూలన పిల్లల వీపులకు తగిలేలా వేలాడదీయడం. అవి నేరుగా ఆ ఈకల కిందికి దూరి పడుకుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నా కళ్లు చెమర్చాయి. కుంచె బల్బుకు దగ్గరగా మాత్రం రాకూడదు, అంటుకుంటుంది. బల్బు బదులు కింద చెప్పబోయే పలక వాడితేనే ఇది క్షేమం.

ఇంకో ఉపాయం గురువును తేవడం. హ్యాచరీ నుంచి రెండు రోజుల వయసున్న కోడిపిల్లను ఒకదాన్ని తెచ్చి వీటితో పెట్టండి. అది తింటుంటే చూసి ఇవి నేర్చుకుంటాయి, తోడు దొరికి అరుపూ తగ్గుతుంది. మీ పెరటి కోళ్ల పిల్లను మాత్రం వద్దు. నేల తొక్కని పిల్లే కావాలి, ఎందుకో చివర్లో చెబుతాను. మూడింటినీ ఎప్పుడూ విడదీయకండి. కాలు కట్టిన పిల్లను కూడా, మిగతావి పొడవకపోతే, వాటి మధ్యే ఉంచండి. ముద్దుగా ఉన్నాయని రోజంతా చేతుల్లో పెట్టుకోవడమూ మంచిది కాదు. మనుషుల్నే తన జాతి అనుకుని పెరిగిన మగ నెమలి పెద్దయ్యాక భయం లేక మనుషుల మీదికే దూకుతుంది. తినిపించండి, మాట్లాడండి, తర్వాత వాటి లోకంలో వాటిని వదిలేయండి.

వేడి విషయానికొస్తే, మొదటి వారం పిల్లల వీపు ఎత్తున 95 నుంచి 98 డిగ్రీల ఫారెన్‌హీట్. తర్వాత వారానికి ఐదు డిగ్రీల చొప్పున తగ్గిస్తూ, గది వేడికి చేరేదాకా. థర్మామీటర్ పెట్టండి, కానీ చివరి మాట పిల్లలదే. వేడి కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా ఉంటే చలి. దూరంగా పోయి, రెక్కలు జార్చి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే మూలకు చేరితే ఇంకో వైపు నుంచి గాలి కొడుతోంది. అక్కడక్కడా చెదిరి పడుకుని నిద్రపోతుంటే మీరూ వెళ్లి పడుకోండి.

ఇక్కడ మీ ఏర్పాటు నన్ను భయపెట్టింది. హ్యూస్టన్ వేసవిలో గరాజ్ మధ్యాహ్నానికి దానంతటదే వంద డిగ్రీలకు చేరుతుంది. ఆపైన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో 250 వాట్ల బల్బు. పారిపోవడానికి చల్లని మూల లేదు. చనిపోయిన పిల్ల ఆకలితో పాటు వేడికి కూడా నీరసించి ఉండొచ్చు. పిల్లల్ని ఇంట్లోకి తెచ్చేయండి, ఏసీ గాలి నేరుగా తగలని గదిలోకి. డబ్బా బదులు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న పెట్టె కావాలి. పెద్ద అట్టపెట్టె అయినా మొదటి రెండు వారాలకు సరిపోతుంది. వేడి ఒక కొసన, దాణా నీళ్లు మధ్యలో, రెండో కొస చల్లగా. బల్బు బదులు పిల్లల కోసమే అమ్మే హీట్ ప్లేట్ కొనండి. నాలుగు కాళ్ల మీద నిలబడే వెచ్చటి పలక అది, పిల్లలు తల్లి కింద దూరినట్టు దాని కింద దూరతాయి. నిప్పు భయం తక్కువ, రాత్రి చీకటిగా ఉండి హాయిగా నిద్రపోతాయి. బల్బే వాడక తప్పకపోతే అట్టపెట్టె మీద పెట్టకండి. క్లిప్పు ఒక్కటే నమ్ముకోకుండా గొలుసుతో రెండు చోట్ల కట్టండి. పగలకుండా టెఫ్లాన్ పూత పూసిన బల్బు అస్సలు వద్దు. వేడెక్కినప్పుడు ఆ పూత నుంచి వచ్చే పొగ పక్షుల ఊపిరితిత్తులకు విషం. మనకు వాసన కూడా తెలియదు, పిల్లలు మాత్రం గంటల్లో పడిపోతాయి.

పెట్టె మీద ఈ రోజు నుంచే జల్లి మూత ఉండాలి. కోడిపిల్లలా కాకుండా నెమలి పిల్ల రెక్కల ఈకలతోనే పుడుతుంది. వారం తిరగకముందే ఎగిరి అంచు మీద కూర్చుంటుంది, అక్కడి నుంచి కిందపడి రాత్రంతా చలిలో ఉండిపోతుంది. అడవిలో అయితే ఎగరడం రాగానే తల్లి వెంట కొమ్మ ఎక్కి, దాని రెక్క కింద పడుకుంటుంది. అందుకే నాలుగో రోజు నుంచే నేలకు మూడు నాలుగు అంగుళాల ఎత్తున, మీ బొటనవేలంత లావున్న గరుకు కొమ్మ ఒకటి వెచ్చటి వైపు అడ్డంగా పెట్టండి. కాలు కట్టిన పిల్ల తప్ప మిగతావి రెండు మూడు రోజుల్లో ఎక్కేస్తాయి. దాని మీద అవి బరువు నిలుపుకునే తీరు చూస్తే కాళ్ల బలం ఎంతో మీకే తెలుస్తుంది. వారం దాటాక, తినేది ఏదో పక్కాగా తెలిశాక, అడుగున పైన్ చెక్కపొట్టు పోయండి. దేవదారు పొట్టు వద్దు, దాని ఘాటు ఊపిరితిత్తులకు పడదు.

మూడో వారం నుంచి మీరు రెట్టను రోజూ చూడాలి. తడి, వేడి కలిసిన చోట రక్త పారుడు వ్యాధి, మన పౌల్ట్రీ వాళ్లు కాక్సిడియోసిస్ అనేది, ఇట్టే వస్తుంది. పిల్ల ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు వేలాడేసి, కళ్లు మూసుకుని ఒక మూల నిలబడుతుంది. రెట్టలో నెత్తురు ప్రతిసారీ కనబడకపోవచ్చు, దాని కోసం ఎదురుచూడొద్దు. ఆ రోజే రెట్ట కొంచెం సంచిలో వేసుకుని పక్షులు చూసే వెట్ దగ్గరికి వెళ్లండి. సూక్ష్మదర్శిని కింద చూసి చెబుతారు. సాధారణంగా నీళ్లలో కలిపే ఆంప్రోలియం ఇస్తారు. ఆ మందు వాడే రోజుల్లో బి విటమిన్ టానిక్ ఆపేయాలి, అది మందును పనిచేయనివ్వదు.

ఇప్పుడు మీ చివరి రెండు ప్రశ్నలు, కోళ్లతో కలపడం, కోడి కింద పెట్టడం. రెండిటికీ నా జవాబు వద్దు అనే. ఇది మాత్రం నా సొంత నష్టం నుంచి చెబుతున్నాను. నా రెండో ఏడాది, పది వారాలు బ్రూడర్‌లో నిక్షేపంగా పెరిగిన ఐదు పిల్లల్ని, కోళ్లు తీసేసి ఏడాది దాటిన పాత దొడ్లో వదిలాను. కోళ్లు లేవు కదా అనుకున్నాను. మూడు వారాల్లో నాలుగు పోయాయి. రెట్ట గంధకం రంగులో పసుపుగా మారింది, అప్పటికే కాలేయం పాడైపోయింది. ఆ జబ్బు పేరు బ్లాక్‌హెడ్. హిస్టోమోనాస్ అనే పరాన్నజీవి దానికి కారణం. కోళ్ల పేగుల్లో ఉండే సన్నటి నులిపురుగు గుడ్లలో దాక్కుని నేలలో ఏళ్ల తరబడి బతికి ఉంటుంది. వానపాములు కూడా దాన్ని మోస్తాయి. కోడికి అది ఉన్నా పెద్దగా ఏమీ కాదు, ఆరోగ్యంగా తిరుగుతూనే మోస్తుంది. టర్కీలకూ నెమళ్లకూ అది ప్రాణాంతకం. అమెరికాలో దీన్ని ఆపడానికి టర్కీల దాణాలో వాడిన నైటార్సోన్ 2015 చివరితో మార్కెట్ నుంచి పోయింది. కాబట్టి రాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్నది.

అందుకని పిల్లల్ని కనీసం మూడు నెలలు నేల మీద కాలు పెట్టనివ్వకండి. ఎనిమిది వారాలు దాటి, రాత్రి వేడి 70 డిగ్రీలకు తగ్గని రోజులు చూసుకుని, బయట కాళ్ల మీద నిలబెట్టిన పంజరంలోకి మార్చండి. అడుగున అర అంగుళం కన్నాల గట్టి ఇనుప జల్లి, రెట్ట కిందికి రాలిపోయేలా. చుట్టూ కూడా అదే జల్లి, లేకపోతే రకూన్ చెయ్యి పెట్టి లాగేస్తుంది, పాము దూరుతుంది. పంజరం కాళ్ల చుట్టూ నిప్పుచీమల పుట్టలు లేకుండా రోజూ చూడండి. టెక్సాస్‌లో కదలలేని పిల్లల్ని అవి రాత్రికి రాత్రే చంపేస్తాయి. తర్వాత వదిలే దొడ్డి కోళ్లు ఎన్నడూ తిరగని చోట ఉండాలి. మీకు ఐదెకరాలున్నాయి, ఇంటికి అవతలి వైపు ఇప్పుడే గుర్తు పెట్టుకోండి. కోళ్ల దొడ్లో వేసుకున్న చెప్పులతో నెమళ్ల దగ్గరికి వెళ్లకండి. నులిపురుగుల మందు ఎప్పుడెప్పుడు వేయాలో వెట్‌తో మాట్లాడి క్యాలెండర్ మీద రాసుకోండి.

పొదుగుడు కోడి మాట అమ్మగారు ఊరికే అనలేదు. కోడి కింద నెమలి గుడ్లు పొదిగించడం పాత పద్ధతే, అది పిల్లల్ని ప్రేమగానే చూసుకుంటుంది. కానీ ఆ కోడి మీ దొడ్డి నేల మీద తిరిగింది. దాని రెట్ట పక్కనే మీ పిల్లలు తింటాయి. ఆ ప్రేమతో పాటే జబ్బూ వస్తుంది.

ఇది చదివే ఆంధ్ర, తెలంగాణ పాఠకులకు ఒక మాట. మన చేలల్లో నెమళ్లు చాలా చోట్ల తిరుగుతున్నాయి, కలుపు తీసేటప్పుడో కోత కోసేటప్పుడో గుడ్లు కనబడుతుంటాయి. వాటిని ఇంటికి తెచ్చి పొదిగించకండి. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. గుడ్లు తీయడం కూడా వేటాడటం కిందికే వస్తుంది, శిక్ష 3 నుంచి 7 ఏళ్ల జైలు. గూడు కనబడితే ఆ నాలుగు గజాలు వదిలేసి కోసుకోండి, తల్లి తిరిగి వస్తుంది. తల్లి లేని పిల్ల దొరికితే గాలి ఆడే అట్టపెట్టెలో వెచ్చగా ఉంచి, ఆ రోజే అటవీ శాఖ వాళ్లకు అప్పగించండి. పైన రాసిన పెంపకమంతా చట్టం ఒప్పుకునే చోట, పెంపకందారుల దగ్గర కొన్న పక్షుల కోసమే. మీరు కూడా మీ కౌంటీ నిబంధనలు ఒకసారి చూసుకోండి. పెద్ద నెమలి అరుపు మైలు దూరం వినిపిస్తుంది, పక్కింటివాళ్లతో ముందే ఒక మాట అనుకోవడం మంచిది.

ఈ రోజు నుంచి వంటింటి త్రాసు మీద మూడు పిల్లల్నీ ఉదయం దాణాకు ముందు తూచి, గ్రాముల్లో రాయండి. గుర్తుకు కాళ్లకు మూడు రంగుల దారాలు వదులుగా కట్టండి. బరువు రోజురోజుకూ పెరుగుతుంటే అరుపు గురించి కంగారు పడొద్దు. వరసగా రెండు రోజులు తగ్గితే, పైకి ఎంత హుషారుగా కనిపించినా, ఆ పిల్ల తినడం లేదని అర్థం. దాన్ని మళ్లీ అమ్మగారి చేతికివ్వండి. వారం తర్వాత ఆ అంకెలూ, కట్టు కట్టిన పిల్ల ఎలా నడుస్తోందో నాకు రాయండి.